పాత ల్యాప్‌టాప్, జేబులో పెన్‌డ్రైవ్: తేలికపాటి లినక్స్ ఎవరికి, ఎందుకు, ఎలా

బెంగళూరులో మారతహళ్ళి, మడివాళ, బీటీఎం వైపు ఏ పీజీకి వెళ్ళినా ఒక పాత ల్యాప్‌టాప్ కనబడకుండా ఉండదు. అన్న ఇంజినీరింగ్‌లో వాడింది తమ్ముడి చేతికి వచ్చి ఉంటుంది, లేదంటే ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదై ఉంటుంది. ఆన్ చేసి కిందికి వెళ్ళి టీ తాగి వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. దానికి తోడు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సిస్టమ్‌లనే లేవనిచ్చే ఏర్పాటు), 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు 8వ తరం నుంచే దానికి అర్హత. ఇంకా బాగానే పనిచేసే మెషీన్లు ఇలా ఎటూ కాకుండా మిగిలిపోయాయి.

"లినక్స్ వేసేయ్, రాకెట్‌లా పరిగెడుతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. లినక్స్ అంటే విండోస్‌కు బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఆ సలహాలో సగమే నిజం. తేలికపాటి లినక్స్ వేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ తినే ర్యామ్ మిగులుతుంది. బ్రౌజర్ తినేది మాత్రం అలాగే ఉంటుంది. ఆ మిగిలింది మీ పనికి సరిపోతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఇన్‌స్టాల్ చేశాక కాదు, అంతకు ముందే పెన్‌డ్రైవ్ మీద తేల్చుకోవచ్చు. ఈ వ్యాసమంతా ఆ క్రమంలోనే సాగుతుంది.

ఎవరు వాడతారు

పాత మెషీన్ ఉన్నవాళ్ళు మొదటి రకం. వాళ్ళ సంగతి చెప్పుకున్నాం.

రెండో రకం, నా లెక్కలో ఎక్కువ ఆసక్తికరమైనవాళ్ళు, తమ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరిగేవాళ్ళు. వారాంతానికి అనంతపురమో కర్నూలో బస్సెక్కుతారు. ఇంట్లో నాన్న వాడే డెస్క్‌టాప్ ఉంటుంది. ల్యాప్‌టాప్ మోసుకెళ్ళే పని లేకుండా పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేస్తే తమ బుక్‌మార్కులు, తమ ఫైళ్ళు, తమ ఎడిటర్ వచ్చేస్తాయి. తీసేస్తే నాన్న విండోస్ నాన్నకే ఉంటుంది, ఒక్క ఫైలు కూడా మారదు.

డెవ్‌ఆప్స్, క్లౌడ్ కోర్సుల్లో చేరిన కుర్రాళ్ళు మూడో రకం. వీళ్ళకు లినక్స్ చేతికి అలవాటు కావాలి కానీ ఉన్న 4 జీబీ ర్యామ్‌లో విండోస్ మీద వర్చువల్ మెషీన్ (ఒక సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్) నడిపితే రెండూ కుంటుతాయి. నేరుగా లినక్స్‌లోకే బూట్ అయితే ఆ బాధ తప్పుతుంది. తేలికపాటి లినక్స్ పాత కంప్యూటర్ల వ్యవహారం మాత్రమే అనుకునేవాళ్ళు ఆల్పైన్ లినక్స్‌ను చూడాలి. దాని డాకర్ ఇమేజ్ 5 ఎంబీ చుట్టుపక్కల ఉంటుంది కాబట్టే అవుటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో రాసే కంటైనర్లకు, అంటే ప్రోగ్రాంను దానికి కావలసినవాటితో సహా కట్టిన మూటలకు, చాలాసార్లు అదే పునాది అవుతుంది.

ఇక విండోస్ లేవకుండా మొరాయించినప్పుడు లోపలి ఫొటోలు బయటికి తీసుకోవాలనుకునేవాళ్ళు. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లేపి, హార్డ్‌డిస్క్‌ను ఫైల్ మేనేజర్‌లో తెరిచి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటారు. రిపేరు షాపులో డేటా రికవరీ పేరిట అడిగే డబ్బుకు చాలాసార్లు చేసేది ఇదే పని.

బరువు ఎక్కడుంది

లినక్స్‌ను రకరకాల కూర్పులుగా ఇస్తారు, వాటిని డిస్ట్రోలు అంటారు. ఉబుంటు, పప్పీ అలాంటివే. అన్నిటి లోపలా ఉండే మూల భాగం, అంటే కెర్నల్, అందరిదీ ఒకటే. ఉబుంటులోనూ పప్పీలోనూ ఉండేది లినక్స్ కెర్నలే. తేడా అంతా దాని మీద పేర్చినవాటిలో, ముఖ్యంగా డెస్క్‌టాప్‌లో, అంటే తెర మీద మెనూలు, ఐకాన్లు చూపించే పొరలో ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్‌తో వచ్చే ఉబుంటు ఏమీ తెరవకముందే 1 జీబీకి పైగా ర్యామ్ తీసుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ అందులో సగం, ముప్పావు మధ్య ఉంటుంది. ఎల్‌ఎక్స్‌క్యూటీ కూడా కాస్త అటూ ఇటూగా అంతే. డెస్క్‌టాప్ అంటూ లేకుండా ఐస్‌డబ్ల్యూఎం, జేడబ్ల్యూఎం, ఓపెన్‌బాక్స్ లాంటి, విండోలను మాత్రమే సర్దే విండో మేనేజర్ ఒక్కటే పెట్టుకుంటే 200, 300 ఎంబీలో కూర్చుంటుంది. వెనకాల నడిచే సర్వీసులు ఎన్ని ఉన్నాయన్నది మిగతా తేడా.

అంటే బరువైనదాని నుంచి బాగా తేలికైనదానికి మారితే మిగిలేది ఇంచుమించు 1 జీబీ. 2 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌కు అది ప్రాణం. 8 జీబీ ఉన్నవాళ్ళకు పెద్దగా తేడా కూడా తెలియదు. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఉన్న ల్యాప్‌టాప్‌కు టైనీ కోర్ అనే మరీ చిన్న డిస్ట్రో వేసుకుని వైఫై రాక తలపట్టుకునేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. వాళ్ళకు లినక్స్ మింట్ వేసుకుంటే సరిపోయేది.

మొదటి అడుగు: మెషీన్‌ను చూసుకోండి

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్తే ర్యామ్ ఎంతో, ప్రాసెసర్ ఏదో, అది 64-బిట్‌దా 32-బిట్‌దా అన్నది కనబడుతుంది. తర్వాత టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరవండి. అక్కడ డిస్క్ పక్కన హెచ్‌డీడీనా ఎస్‌ఎస్‌డీనా అని రాసి ఉంటుంది. మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయి, ఎన్ని నిండాయి అన్నది తెలుస్తుంది.

మా పక్క గది కుర్రాడు ఒకసారి అడిగాడు: "అన్నా, ర్యామ్ ఎంతుందో చూస్తే చాలదా?"

"చాలదురా. ముందు డిస్క్ చూడు. తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే ఏ లినక్స్ వేసినా బ్రౌజర్ తెరుచుకోవడానికి అంతే సేపు పడుతుంది."

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చేతిలో కొంచెం డబ్బుంటే, డిస్ట్రో గురించి ఆలోచించే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత ల్యాప్‌టాప్‌కు అంతకన్నా పెద్ద మార్పు ఇంకేదీ తేలేదు. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఏదైనా పాత హార్డ్‌డిస్క్ స్థానంలో సరిగ్గా కూర్చుంటుంది. టౌన్ హాల్ దగ్గర సదర్ పత్రప్ప రోడ్డు, అదే ఎస్పీ రోడ్డు, ఇలాంటివాటికి ఉన్న చోటు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి కాబట్టి శనివారం పెట్టుకోండి. ర్యామ్ కొనేటప్పుడు పాత స్టిక్ ఊడదీసి వెంట తీసుకెళ్ళండి. డీడీఆర్3 1.5 వోల్టులది, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులది. 4వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఎల్ రకమే అడుగుతాయి. నోటితో చెప్పి కొంటే రెండోసారి మెజెస్టిక్ బస్సెక్కాల్సి వస్తుంది.

రెండో అడుగు: ఏది వేసుకోవాలి

4 జీబీ, అంతకు మించి ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. కొత్తవాళ్ళకు ఇంకో ఆలోచన అక్కర్లేదు. మింట్ 22 వరుస ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మెనూ కింద ఎడమ మూల ఉంటుంది, విండోస్ 7 వాడిన అమ్మానాన్నలకు కూడా కొత్తగా అనిపించదు.

పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరగాలంటే ఎంఎక్స్ లినక్స్. ఇది డెబియన్ అనే పాత డిస్ట్రో మీద కట్టింది. యాంటీఎక్స్ అనే డిస్ట్రో బృందం, మెపిస్ అనే పాత డిస్ట్రో వాడుకరులు 2014లో కలిసి మొదలుపెట్టారు. పెన్‌డ్రైవ్ మీద సిస్టమ్ నడపడానికి కావలసిన పనిముట్లు ఇందులో ఉన్నంత చక్కగా మరెక్కడా లేవు. ఆ సంగతి కిందికి వెళ్ళాక వివరంగా చెప్తాను.

2 జీబీ ఉంటే లుబుంటు లేదా యాంటీఎక్స్. లుబుంటు చూడ్డానికి నీటుగా ఉంటుంది, యాంటీఎక్స్ కాస్త మోటుగా ఉంటుంది కానీ చాలా తక్కువ ర్యామ్‌తో సర్దుకుంటుంది. 1 జీబీ, అంతకన్నా తక్కువైతే యాంటీఎక్స్ లేదా పప్పీ, మరో మాట లేదు.

32-బిట్ ప్రాసెసర్ ఉన్న పాత నెట్‌బుక్‌లకు దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు 32-బిట్ పీసీల ఇన్‌స్టాలర్ లేదు. ఉబుంటు కుటుంబం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆపేసింది. డెబియన్ 12 మీద కట్టిన యాంటీఎక్స్ 23కు మాత్రం 32-బిట్ రూపం ఉంది.

పప్పీ లినక్స్ గురించి రెండు ముక్కలు. 2003లో ఆస్ట్రేలియాకు చెందిన బారీ కౌలర్ మొదలుపెట్టారు. మొత్తం సిస్టమ్ ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది కాబట్టి హార్డ్‌డిస్క్ పాడైపోయిన మెషీన్‌లోనూ చకచకా నడుస్తుంది. అయితే ఇందులో మీరు ఎప్పుడూ రూట్ యూజర్‌గానే, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గానే ఉంటారు. బ్రౌజర్‌ను మాత్రం స్పాట్ అనే పరిమిత యూజర్ కింద నడిపే ఏర్పాటు ఉంది, దాన్నే వాడండి. టైనీ కోర్ ఇంకా చిన్నది. డెస్క్‌టాప్‌తో సహా 23 ఎంబీ చుట్టుపక్కలే. చూసి ఆశ్చర్యపోవడానికి, లినక్స్ లోపల ఎలా పనిచేస్తుందో నేర్చుకోవడానికి అద్భుతం. రోజూ వాడుకోవడానికి నేనైతే ఎవరికీ చెప్పను.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ తయారుచేసిన బాస్ లినక్స్ గురించి కూడా అడుగుతుంటారు. మన దేశానిదే, డెబియన్ ఆధారమే, భారతీయ భాషలు బాగా పనిచేస్తాయి. కానీ తేలికగా ఉండటం దాని ఉద్దేశం కాదు.

మూడో అడుగు: దించుకోవడం, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం

ఐఎస్‌ఓ ఫైలును, అంటే డిస్ట్రో మొత్తం ఉండే ఒక్క ఫైలును, ఆ డిస్ట్రో సొంత సైటు నుంచే దించుకోండి. పీజీ వైఫై మధ్యలో తెగిపోతూ ఉంటుంది కాబట్టి టొరెంట్ లింకు ఉంటే అదే మేలు. దిగాక చెక్‌సమ్, అంటే ఫైలు చెడకుండా దిగిందో లేదో చెప్పే కోడు, సరిచూడండి. చాలామంది ఈ పని వదిలేసి, తర్వాత సగంలో ఆగిపోయిన ఇన్‌స్టాల్‌కు లినక్స్‌ను తిడతారు. విండోస్‌లో సెవెన్‌జిప్ ఉంటే ఫైలు మీద రైట్‌క్లిక్ కొట్టి ఎస్‌హెచ్‌ఏ 256 ఎంచుకుంటే ఒక పొడవాటి అంకెలు, అక్షరాల వరుస వస్తుంది. సైటులో ఇచ్చిన వరుసతో అది అక్షరం పొల్లు పోకుండా కలవాలి.

పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ 3.0ది, కనీసం 16 జీబీది తీసుకోండి. పోర్టేబుల్‌గా వాడాలంటే 32 జీబీ. ఫుట్‌పాత్ మీద నమ్మలేనంత చవగ్గా అమ్మే 1 టీబీ, 2 టీబీ పెన్‌డ్రైవ్‌లు నకిలీవి. లోపల ఉండేది కొద్ది జీబీలే, పెద్ద సైజు చూపించేలా చిప్‌ను మోసం చేయించి ఉంటారు. అనుమానం ఉంటే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాంతో మొత్తం రాయించి, మళ్ళీ చదివించి చూడండి.

ఎక్కించడానికి రూఫస్ లేదా వెంటాయ్ అనే ప్రోగ్రాం వాడండి. ఒకే డిస్ట్రో అయితే రూఫస్ చాలు. రెండు మూడు పరీక్షించి చూడాలంటే వెంటాయ్ హాయి. పెన్‌డ్రైవ్‌లో ఒక్కసారి వెంటాయ్ వేశాక ఐఎస్‌ఓ ఫైళ్ళను మామూలుగా కాపీ చేసి పడేయడమే, బూట్ అయ్యేటప్పుడు ఏది కావాలో అదే అడుగుతుంది. రెండూ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేస్తాయి. పెళ్ళి వీడియోలు ఉన్న పెన్‌డ్రైవ్ వాడకండి.

నాలుగో అడుగు: బూట్ చేయడం

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, అందుకే నెమ్మదిగా చెప్తాను.

అన్నిటికన్నా ముందు విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసుకోండి, లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందని కళ్ళారా చూసుకోండి. బయోస్‌లో (మెషీన్ సొంత సెట్టింగులు ఉండే చోట) సెక్యూర్ బూట్ మార్చిన తర్వాత విండోస్ ఆ కీ అడగవచ్చు. అప్పుడు కీ లేకపోతే డేటా పోయినట్టే.

రెండోది, విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి సీ డ్రైవ్ తెరిస్తే చదవడమే తప్ప రాయనివ్వదు.

ఇక బూట్ మెనూ. డెల్, లెనోవో మెషీన్లలో ఆన్ చేయగానే ఎఫ్12 టకటకా నొక్కాలి. హెచ్‌పీలో ఎస్కేప్, తర్వాత ఎఫ్9. ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్ళి ఎఫ్12 బూట్ మెనూను ఎనేబుల్ చేయాల్సి రావచ్చు. ఏ బటనూ అందకపోతే విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, నీలి తెర వస్తుంది, అందులో యూజ్ ఎ డివైస్ ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ కనబడుతుంది.

మింట్, ఉబుంటు కుటుంబం సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా లేస్తాయి. యాంటీఎక్స్, పప్పీ లాంటివాటికి మామూలుగా దాన్ని ఆఫ్ చేయాల్సి ఉంటుంది.

ఐదో అడుగు: ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూడండి

పెన్‌డ్రైవ్ నుంచి లేచిన సిస్టమ్‌ను లైవ్ సెషన్ అంటారు. 2000లో క్లాస్ నోపర్ తయారుచేసిన నోపిక్స్ సీడీతో ఈ పద్ధతికి పేరొచ్చింది. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా లినక్స్ ఎలా ఉంటుందో చూడవచ్చు.

చూడాల్సింది వాల్‌పేపర్ కాదు. వైఫై వస్తుందా, స్పీకరు పలుకుతుందా, కెమెరా పనిచేస్తుందా, బ్రైట్‌నెస్ బటన్లు వింటున్నాయా, మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తుందా, ఇవన్నీ చూడండి. తర్వాత మీరు రోజూ తెరిచే సైట్లనే తెరవండి, అన్నీ ఒకేసారి. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ ఎంత నిండిందో చూడండి. లైవ్ సెషన్‌లో ఫైళ్ళు కూడా ర్యామ్‌లోనే ఉంటాయి కాబట్టి ఇన్‌స్టాల్ చేశాక ఇంతకన్నా కాస్త మెరుగ్గానే ఉంటుంది.

పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఏడిపించేది బ్రాడ్‌కామ్ వైఫై చిప్. డ్రైవరు దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవరు కావాలి. దీనికి సులువైన విరుగుడు మీ ఫోనే. కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని వైరు కనెక్షన్‌గా గుర్తిస్తుంది. డ్రైవర్ మేనేజర్ తెరిచి మిగతా పని కానిచ్చేయండి.

విండోస్‌లోకి తిరిగి వెళ్ళాక గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఉంటే కంగారు పడకండి. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్ని మన టైము అనుకుంటుంది. విండోస్ టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నొక్కితే సరి. వదిలేస్తే మాత్రం ఒక్కోసారి సర్టిఫికెట్ ఎర్రర్లతో బ్రౌజరు సతాయించవచ్చు.

ఆరో అడుగు: జేబులో పట్టే సిస్టమ్

లైవ్ పెన్‌డ్రైవ్‌లోని సిస్టమ్ అంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఒక్క కుదించిన ఫైలులో ఉంటుంది. దాని మీద ఏమీ రాయలేం. మీరు చేసే మార్పులన్నీ దాని పైన ఉండే ఇంకో పొరలో పడతాయి, పుస్తకం మీద బటర్ పేపర్ పరిచి దాని మీద రాసుకున్నట్టు. మామూలుగా ఆ పొర ర్యామ్‌లో ఉంటుంది, ఆఫ్ చేయగానే పోతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోనే భద్రపరిస్తే మళ్ళీ లేచినప్పుడు అన్నీ అలాగే ఉంటాయి. దీన్నే పర్సిస్టెన్స్ అంటారు.

ఎంఎక్స్ లేదా యాంటీఎక్స్‌లో ఇలా చేయండి. మొదటి పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో లేవండి. రెండో పెన్‌డ్రైవ్ గుచ్చండి. మెనూలో లైవ్ యూఎస్‌బీ మేకర్ తెరిచి, ఆ రెండోదాన్ని ఎంచుకుని, నడుస్తున్న సిస్టమ్‌నే దాని మీదికి ఎక్కించమనండి. పెన్‌డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ఎంపిక కూడా అక్కడే ఉంటుంది, దాన్ని టిక్ చేయండి. విండోస్‌లో చేసిన మొదటి పెన్‌డ్రైవ్ మీద కూడా పర్సిస్టెన్స్ కుదరవచ్చు కానీ దాంట్లో ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు. లైవ్ యూఎస్‌బీ మేకర్ చేసినదానికి ఆ ఇబ్బంది ఉండదు.

తర్వాత రెండో పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తూ మెనూలో పర్సిస్ట్ ఎంపికలు చూడండి. హోమ్ (మీ ఫైళ్ళు, సెట్టింగులు ఉండే ఫోల్డరు) ఒక్కటే దాచుకునేది ఒకటి, మొత్తం సిస్టమ్ మార్పులు దాచుకునేది ఒకటి. రెండో రకంలో మళ్ళీ తేడా ఉంది. పర్సిస్ట్ రూట్ అంటే మార్పులు ముందు ర్యామ్‌లో ఉండి, షట్‌డౌన్ చేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి రాస్తుంది. వేగంగా ఉంటుంది, పెన్‌డ్రైవ్ అరుగుదలా తక్కువ. కానీ మధ్యలో కరెంటు పోతే ఆ రోజు మార్పులు గోవిందా. పర్సిస్ట్ స్టాటిక్ అంటే ఎప్పటికప్పుడు పెన్‌డ్రైవ్‌లోకే రాస్తుంది. ర్యామ్ తక్కువ ఉంటే ఇదే దారి, కాకపోతే నెమ్మది. ఊళ్ళో ఇన్వర్టర్ లేని డెస్క్‌టాప్ మీద వాడేవాళ్ళు స్టాటిక్ పెట్టుకోండి, ల్యాప్‌టాప్‌ల మీద వాడేవాళ్ళు రూట్ పెట్టుకోండి.

టూర్యామ్ అనే ఇంకో ఎంపిక ఉంటుంది. సిస్టమ్ ఫైలంతా ర్యామ్‌లోకి కాపీ అవుతుంది. ఆ తర్వాత యాప్‌లు తెరుచుకునే వేగం చూస్తే ఇది పెన్‌డ్రైవ్ మీద నడుస్తోందంటే నమ్మరు. 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ల మీదే ప్రయత్నించండి.

పప్పీలో పద్ధతి ఇంకా సులువు. మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు సెషన్ దాచుకోవాలా అని అదే అడుగుతుంది. ఎక్కడ, ఏ పేరుతో అన్నది చెప్తే చాలు.

మామూలు ఇన్‌స్టాల్‌నే పెన్‌డ్రైవ్ మీద చేస్తే పోదా అంటారు. చేయొచ్చు, కానీ చిన్న చిన్న ఫైళ్ళు అదే పనిగా రాయడానికి పెన్‌డ్రైవ్‌లు పనికిరావు. అప్‌డేట్ పెడితే గంట పట్టినా ఆశ్చర్యం లేదు. అలా కావాలంటే యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ కొనుక్కోండి. అప్పుడు కూడా బూట్‌లోడర్ (ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాం) ఏ డిస్క్‌లో పడుతోందో చూసుకోండి. కొన్ని ఇన్‌స్టాలర్లు మీరు బయటి డిస్క్ ఎంచుకున్నా బూట్‌లోడర్‌ను లోపలి డిస్క్‌లోనే పెట్టేస్తాయి. తర్వాత డిస్క్ తీసేస్తే నాన్న విండోస్ లేవదు, ఫోన్ మీకొస్తుంది.

ఏడో అడుగు: ఇన్‌స్టాల్ చేసే ముందు ఇవి చూడండి

ట్యాలీ వాడే ఇంట్లో లినక్స్ వేయకండి, అది విండోస్ ప్రోగ్రాం. సీఏ చదివే చెల్లెలి ల్యాప్‌టాప్ అయితే అసలు ముట్టుకోవద్దు. ఆన్‌లైన్ పరీక్షలకు ప్రత్యేక బ్రౌజర్ పెట్టమనే సంస్థలు చాలావరకు విండోస్, మ్యాక్‌లనే ఒప్పుకుంటాయి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు లినక్స్‌లో పనిచేయించడం ఓపిక ఉన్నవాళ్ళ పని. ప్రింటర్లలో హెచ్‌పీవి చాలావరకు గుచ్చగానే పనిచేస్తాయి. మన జిరాక్సు షాపుల్లో ఎక్కడ చూసినా కనబడే క్యానన్ ఎల్‌బీపీ 2900కు మాత్రం క్యాప్ట్ డ్రైవరు కావాలి, దాన్ని కొత్త సిస్టమ్‌లలో ఎక్కించడం పెద్ద తంటా.

ఇవేవీ అడ్డం కాకపోతే ఫైళ్ళు వేరే చోట కాపీ చేసుకుని, డెస్క్‌టాప్ మీద ఉన్న ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి. అడిగే ప్రశ్నలన్నీ అర్థమయ్యేవే. విండోస్ కూడా ఉంచుకోవాలంటే దాని పక్కనే ఇన్‌స్టాల్ చేసే ఎంపిక తీసుకోండి. 128 జీబీ డిస్క్‌లో రెండూ ఇరుకవుతాయి, ఒకటి వదులుకోండి.

ఎనిమిదో అడుగు: తెలుగు

తేలికపాటి డిస్ట్రోలు బరువు తగ్గించుకునేటప్పుడు ముందుగా వదిలేసే వాటిలో మన ఫాంట్లూ ఉంటాయి. తెలుగు వార్తల సైటు తెరిస్తే గళ్ళు గళ్ళుగా కనబడితే కారణం అదే. మింట్, ఎంఎక్స్, యాంటీఎక్స్‌లలో సినాప్టిక్ ప్యాకేజ్ మేనేజర్ తెరిచి ఫాంట్ల ప్యాకేజీలలో లోహిత్ తెలుగు, నోటో ఫాంట్లు వెతికి వేసుకోండి. పోతన, వేమన ఫాంట్లు తెలుగు ఎక్స్‌ట్రా అన్న ప్యాకేజీలో వస్తాయి. బ్రౌజర్ మూసి తెరిస్తే అక్షరాలు వచ్చేస్తాయి.

టైపింగ్‌కు అందరూ ఐబస్ అనే ప్రోగ్రాం వేసుకోమంటారు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకోవాలంటే ఐబస్, దాంతోపాటు భాషల కీబోర్డులు ఇచ్చే ఎం17ఎన్ కావాల్సిందే. కానీ తక్కువ ర్యామ్ మెషీన్‌లో అది కూడా లేకుండా గడిచిపోయే దారి ఉంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో లేఅవుట్లు కలిపే చోట తెలుగు ఎంచుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు అమరిక వస్తుంది, అదనంగా ఏదీ నడవదు. అదే జాబితాలో తెలుగు కగప అని ఫొనెటిక్ లేఅవుట్ ఒకటి కనబడుతుంది. కగప అంటే బెంగళూరులోని కన్నడ గణక పరిషత్తు. కన్నడం కోసం చేసిన అమరిక తెలుగుకూ వచ్చి చేరింది. ఇక్కడి ఆఫీసుల్లో నుడి అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ వాడే కన్నడ మిత్రులు మీ కీబోర్డు చూసి గుర్తుపడతారు. లినక్స్‌ను తెలుగులోనే వాడాలన్న ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు ఆ పని చాలా ఏళ్ళుగా చేస్తున్నారు.

బ్రౌజర్‌ను కట్టేయడం

2 జీబీ మెషీన్ మీద అసలు పోరు ఇదే. ఫైర్‌ఫాక్స్‌కు ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ తగిలించండి. ప్రకటనలు పోతే ర్యామ్, డేటా రెండూ మిగులుతాయి. తెలుగు వార్తల సైట్లలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

యూట్యూబ్ తడబడితే తప్పు లినక్స్‌ది కాకపోవచ్చు. యూట్యూబ్ వీడియోలను వీపీ9, ఏవీ1 రూపాల్లో పంపుతుంది. పాత గ్రాఫిక్ చిప్‌లకు నేరుగా అర్థమయ్యేది హెచ్264 మాత్రమే. మిగతావాటిని ప్రాసెసరే విప్పుకోవాలి, అందుకే ఫ్యాను గోల. హెచ్264ఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత రూపంలోనే పంపుతుంది. 480 లేదా 720లో పెట్టుకుని చూడండి.

జీర్యామ్ ఆన్ చేసుకోండి. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించిన స్వాప్‌గా, అంటే ర్యామ్ నిండినప్పుడు వాడే అదనపు చోటుగా వాడుతుంది. ప్రాసెసర్ మీద కాస్త భారం పడుతుంది కానీ, మౌసు కూడా కదలని స్థితి బాగా తగ్గుతుంది. పెన్‌డ్రైవ్ మీద నడిపేవాళ్ళు స్వాప్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టకండి, దాని ఆయుష్షు తగ్గిపోతుంది.

పెన్‌డ్రైవ్ పోతే?

ఎలక్ట్రానిక్స్ సిటీ బస్సులో జేబులోంచి జారిపోతే, ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే పోయింది పెన్‌డ్రైవ్ ధర మాత్రమే. చేయకపోతే మీ మెయిల్, బ్రౌజర్ దాచిన పాస్‌వర్డులు, స్కాన్ చేసి పెట్టుకున్న ఆధార్ అన్నీ దొరికినవాడివే. ఇంకోటి, ఎంఎక్స్, యాంటీఎక్స్ లైవ్‌లో యూజర్ డెమో, పాస్‌వర్డూ డెమోనే. రూట్‌కు రూట్. ఇది లోకానికంతా తెలుసు. పర్సిస్టెన్స్ పెట్టుకున్న రోజే రెండూ మార్చేయండి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌కు సొంత పెన్‌డ్రైవ్ గుచ్చి బూట్ చేయకండి. చాలా కంపెనీల్లో యూఎస్‌బీ బూట్ మూసే ఉంటుంది. లేకపోయినా అది పాలసీకి విరుద్ధమే అవుతుంది, హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తే టెన్షన్ మీకే. నెట్ సెంటర్‌లో అయితే అడిగి వాడండి. సొంత సిస్టమ్ కదా అని బ్యాంకు పని అక్కడ పెట్టుకోవద్దు. కీబోర్డుకు, సీపీయూకు మధ్య ఎవరైనా నొక్కిన కీలన్నీ నమోదు చేసే కీలాగర్ తగిలిస్తే మీ పెన్‌డ్రైవ్ దాన్ని ఆపలేదు. వాడిన జాడే మిగలకూడదన్న అవసరం ఉంటే దానికి టెయిల్స్ అనే వేరే డిస్ట్రో ఉంది. రోజువారీ పనికి అది తెచ్చుకుంటే ఇబ్బందే ఎక్కువ.

పెన్‌డ్రైవ్‌లు చెప్పకుండా చచ్చిపోతాయి. అందుకే అన్నీ సర్దుకున్నాక, ఎంఎక్స్ స్నాప్‌షాట్ తెరిచి మీ సిస్టమ్ మొత్తాన్ని ఒక ఐఎస్‌ఓగా చేసుకోండి. అందులో మీ సొంత ఫైళ్ళు కూడా ఉంటాయి కాబట్టి ఆ ఐఎస్‌ఓను ఎవరికీ ఇవ్వకండి. దాన్ని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒకసారి బూట్ చేసి చూసి, ఊరెళ్ళినప్పుడు ఇంట్లో బీరువాలో పెట్టి రండి. పండక్కి వెళ్ళినప్పుడల్లా కొత్త స్నాప్‌షాట్‌తో దాన్ని మార్చండి.